నడిమి కుర్చీకి వినపడని స్పీకరు

1979 జూన్‌లో నన్ను జూనియర్ రేడియో సూపర్‌వైజరుగా నర్సీపట్నం వేశారు. నా సర్వీసు మొత్తంలో అతి గొప్ప బేరం చేరిన నెలలోనే చేశాను. ఒక పరీక్ష చేయించకుండా తప్పించుకుని మూడు రూపాయలు మిగిల్చాను. అలాంటి నిర్ణయం అందరివల్లా కాదు. దానికి పాయకరావుపేట బజారులో మూడు తరాల కిరాణా కొట్టు వెనక ఉండాలి. పంచదార పొట్లానికి చుట్టే దారాన్ని కూడా కొలిచి తెంపే తండ్రి ఉండాలి. నాకు రెండూ ఉన్నాయి.

పంచాయతీలకు ప్రభుత్వం ఇచ్చిన రేడియో సెట్లు బాగుచేయడం, సభలకు మైకులు అమర్చడం మా విభాగం పని. నా కింద ఇద్దరు మెకానిక్కులు. నా పైన విశాఖపట్నంలో అసిస్టెంట్ ఇంజనీరు గారు. ఆయన నెలకోసారి తనిఖీకి వచ్చేవారు. యాభై రూపాయలు దాటిన ఏ కొనుగోలుకైనా ఆయన సంతకం కావాలి.

అప్పటికి మండలాలు లేవు, పంచాయతీ సమితులు ఉండేవి. నర్సీపట్నం సమితి ఆఫీసులో కొత్తగా మీటింగు హాలు కట్టారు. అందులో మైకు పెట్టాలి. మా దగ్గర ఉన్నవన్నీ హారన్లు, అంటే రేకు గరాటులాంటి స్పీకర్లు. మైదానంలో అవి రెండు వీధుల అవతలికి వినిపిస్తాయి. నాలుగు గోడల మధ్య పెడితే చెవులు చిల్లులు పడతాయి తప్ప మాట తెలియదు. హాలుకి కావలసింది పెట్టె స్పీకరు. కాగితపు కోను ముందుకూ వెనక్కూ కదిలి శబ్దం చేస్తుంది. ముందుకు ఎంత శబ్దం తోస్తుందో వెనక్కీ అంతే తోస్తుంది. వెనక శబ్దం చుట్టు తిరిగి ముందుకొస్తే రెండూ కలిసి ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. ఆ వెనక శబ్దాన్ని బంధించడానికే పెట్టె. దాని గోడలు బరువుగా ఉండాలి, అదరకూడదు, సందులు ఉండకూడదు, లోపల శబ్దాన్ని తాగే మెత్తటిదేదైనా ఉండాలి. ఇదంతా నాకు బాగా తెలుసు. తెలిసీ ఏం చేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రెండు ప్లైవుడ్ పెట్టెలకి విశాఖపట్నం వడ్రంగి మూడు వందల నలభై కొటేషన్ పంపాడు. ఆ అంకె చూసి నాకు నిజంగా ఆకలి చచ్చిపోయింది. ప్రభుత్వం డబ్బే, నాది కాదు. అయినా కొట్టు కడుపున పుట్టినవాడికి ఎవరి డబ్బైనా ఒకటే నొప్పి.

ఆ వారం సంతలో రాహేలమ్మ గాదెలు చూశాను. గాదె అంటే ధాన్యం పోసుకోవడానికి వెదురుతో అల్లే పెద్ద బుట్ట. లోపలా బయటా పేడమట్టి మెత్తుతారు. అలవాటుగా వేలి కణుపుతో కొట్టి చూశాను. మోగలేదు. బరువుగా ‘దబ్’మని అక్కడే ఆగిపోయింది. మూడు వందల నలభై పెట్టి ప్లైవుడ్‌లో కొనబోతున్నది ఈ మోగకపోవడాన్నే. ఇప్పటివాళ్ళు ఇలాంటి సామానుని పర్యావరణ హితం అంటున్నారు. అప్పట్లో మేము చవక అనేవాళ్ళం.

రాహేలమ్మకి యాభై దాటి ఉంటాయి. మిషను చర్చి వెనక సందులో ఇల్లు. తాతలనాటి నుంచి వెదురు పని, నాయనమ్మనాటి నుంచి చర్చి. ఆదివారాలు పాట ఎత్తేది ఆమే. రేకు డబ్బాలు వచ్చాక రైతులు గాదెలు కొనడం మానేశారు. ఆ ఏడాది నాలుగంటే నాలుగు అమ్ముడుపోయాయని చెప్పింది. ఇంకో మంచి బేరం తగలకపోతే వెదురు కత్తి చూరులో దోపేసి ఊడుపులకి కూలికి పోతానని కోడలితో అప్పటికే అనేసిందట.

నాకు కావలసింది నడుమెత్తు గాదెలు రెండు, మూతులు గుండ్రంగా ఉండాలి. జతకి ఎనభై అడిగింది. నేను నలభై అన్నాను.

“నలభైకి గంపలొత్తాయి బాబుగోరూ. గంపలో పెట్టుకుని వింతారేటి మరి?” అంది.

ఎండలో అరగంట నిలబడి యాభై ఆరుకి తెంచాను. ఇరవై బయానా, ముప్పై ఆరు పనయ్యాక. ఆమె నాకంటే పాతికేళ్ళు పెద్దది. నేను ఆమెని నువ్వు అంటున్నాను, ఆమె నన్ను గోరు అంటోంది. ఆ తేడా కూడా బేరంలో నా వైపే పనిచేసింది.

ఇంజనీరు గారు మొదట నవ్వారు. లెక్క చూశాక నవ్వు మానేసి, ఈ రెండూ పాసైతే తన పరిధిలో కడుతున్న ఇంకో ఎనిమిది హాళ్ళకి పదహారు ఇవే చేయిద్దామన్నారు. ఆ మాట నేనే వెళ్ళి రాహేలమ్మకి చెప్పాను. ఆమె చూరులోకి పోవలసిన కత్తిని తీసి గడప రాయి మీద నూరడం మొదలుపెట్టింది.

పని మాత్రం చక్కగా చేసింది. వెదురు బద్దలు రెండు వరసలుగా అల్లింది. చెరువు మట్టి, ఆవుపేడ, ధాన్యపు ఊక కలిపి మూడు రోజులు మాగనిచ్చి లోపలా బయటా వేలెడు మందాన మెత్తింది. పైన చింతపిక్కల జిగురు రెండు పూతలు. చెదలు పట్టకుండా అడుగున వేపనూనె. మూతులకి మామిడి చెక్క గుండ్రంగా కోయించి, కోను పట్టేంత కన్నం పెట్టించాను. లోపల గోనె, కొబ్బరి పీచు. వానాకాలం కాబట్టి సమితి గోడౌనులో ఆరబెట్టాం. నాలుగో రోజుకి గోరు దిగలేదు.

ఇక కోనులు. కొత్తవి కొనడం మా వంశంలో లేదు. మూతపడిన ఒక టూరింగ్ టాకీసు సామానులోంచి పాత స్పీకర్లు రెండు నూటయాభైకి తెచ్చాను. ఒకటి బాగుంది, ఒకదాని కాగితం చిరిగింది. చిరిగినదానికి కొత్త కోను అతికించడాన్ని రీకోనింగ్ అంటారు. తునిలో వీర్రాజు అనే మెకానిక్ చేసేవాడు. ముప్పై మూడు అడిగాడు. ముప్పై అతికించినందుకు, మూడు టెస్టింగుకి. టెస్టింగంటే గంటసేపు మోగించి, తరవాత టార్చిలైటు బ్యాటరీ తాకించి చూడడం. స్పీకరు వెనక రెండు కొసలుంటాయి, ఒకదాని పక్కన ఎర్ర చుక్క ఉంటుంది. బ్యాటరీ ప్లస్సు ఆ చుక్క ఉన్న కొసకి తాకిస్తే కోను ముందుకి గెంతాలి. వెనక్కి పీల్చుకుంటే లోపలి తీగలు తారుమారయ్యాయన్నమాట.

నేను సూపర్‌వైజర్ని, టెస్టింగు నాకు నువ్వు చేసిపెట్టేదేమిటి అన్నాను. వీర్రాజు మూడు రూపాయలు కొట్టేసి, “అలాగే సార్. మరి మర్సిపోకుండా మీరే సూసుకోండి,” అన్నాడు.

మర్చిపోయాను. నిజం చెప్పాలంటే మర్చిపోలేదు. బస్సులో గుర్తొచ్చింది, ఎర్ర చుక్క ఉంది కదా చాలనుకున్నాను.

జూలైలో ఇంజనీరు గారు వచ్చారు. హాలుకి ఆ మూల ఒక గాదె, ఈ మూల ఒక గాదె. పాత పల్చటి వాయిలు చీర ముక్కతో మూతులు కప్పించాను. అంతకు ముందు రోజు ఒక్కో పెట్టె దగ్గరా చెవి పెట్టి విన్నాను. రెండూ బ్రహ్మాండంగా పలికాయి. ఆఫీసరు గారి కుర్చీ మర్యాద ప్రకారం ముందు వరుసలో సరిగ్గా నడిమిన వేశారు. సమితి గుమాస్తాలు గోడల వారగా రెండు వైపులా సర్దుకున్నారు. రాహేలమ్మ తలుపు పక్కన నేల మీద కూర్చుంది. నేను కుడి గోడ దగ్గర, ఆంప్లిఫయరు పక్కన నిలబడ్డాను. మా మెకానిక్ మైకు ముందు ఎరువుల సర్క్యులరు చదివాడు.

అరపేజీ అయ్యేసరికి ఇంజనీరు గారు చెయ్యెత్తారు. ఏమయ్యా, మనిషి బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది, గొంతులో నిండుతనం లేదు, మాట చెవికి అందడం లేదన్నారు. నాకు శుభ్రంగా వినిపిస్తోంది మరి. ఆయన గుమాస్తాల వైపు తిరిగి మీకెలా ఉందని అడిగారు. ఎడమ గోడవాళ్ళూ కుడి గోడవాళ్ళూ ఒకేసారి, ఏమీ వినపడడం లేదండీ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నవాడు పెద్ద గుమాస్తా అప్పారావు గారు. ఆయన కూర్చున్నది ఎడమ గాదెకి రెండు గజాల దూరంలో.

ఇక్కడ నేను చేసినది రాయడానికి ఇప్పటికీ చెయ్యి వెనకాడుతుంది. నా చెవులతో విన్న మాటని నేనే నమ్మలేదు. ఆఫీసరు వినపడలేదన్నారు కాబట్టి వినపడలేదు. తలుపు దగ్గర్నుంచి రాహేలమ్మ లేచి, “నాకు అచ్చరం అచ్చరం వినపడ్డాది బాబుగోరూ,” అంది. అప్పారావు గారు ఆమెని కూర్చోమన్నారు. ఇంజనీరు గారు వచ్చే తనిఖీ వరకు గడువిచ్చి వెళ్ళిపోయారు.

తప్పు ఎవరిదని నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కోనులు కొన్నది నేను, తీగలు కట్టింది నేను. మిగిలింది మట్టి. మెత్తడం సరిగా లేదు, మళ్ళీ మెత్తమన్నాను. ముప్పై ఆరు రూపాయలు ఆపేశాను. రాహేలమ్మ పాత పూత గీకి కొత్తది మెత్తింది. లాభం లేదు. ఊక ఎక్కువైందన్నాను. మళ్ళీ గీకింది. పేడ తక్కువైందన్నాను. మూడోసారి గీకింది. ప్రతిసారీ నేను నడిమి కుర్చీలో కూర్చుని వినేవాణ్ణి, ప్రతిసారీ అదే బావి గొంతు. అన్ని రోజులూ ఆమెకి వేరే పని లేదు, కూలీ లేదు.

మూడో పూత ఆరిన రోజు, “బాబుగోరూ, నాను ఆ కుర్సీలో ఓపాలి కూసుంతాను,” అంది.

తలుపు దగ్గరున్న సమితి నౌకరు నివ్వెరపోయాడు. అది ఆఫీసర్ల కుర్చీ. నాకూ మింగుడుపడలేదు గానీ హాల్లో ఇంకెవరూ లేరని ఊరుకున్నాను. ఆమె కూర్చుంది. నేను మైకులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను. లేచి ఎడమ గోడకి వెళ్ళింది, కుడి గోడకి వెళ్ళింది, మళ్ళీ కుర్చీలోకి వచ్చింది.

“ఈ కుర్సీ కాడే మాట సచ్చిపోతంది. అటెల్తే బతుకుతంది, ఇటెల్తే బతుకుతంది. మట్టి తప్పయితే అంతటా సావాల గదా? మీరొచ్చి కూసోండి,” అంది.

నన్ను కూర్చోబెట్టి తను మైకు దగ్గరకి పోయి, ఆదివారం ఎత్తే పాటే ఎత్తుకుంది. చర్చి గోడ అవతలికి వినిపించే గొంతు అది. ఆ కుర్చీలో నాకు సన్నగా, ప్రాణం పోయినట్టు వినిపించింది. పాడుతూ పాడుతూనే వెళ్ళి ఎడమ గాదె మూతి మీద తడి గోనె కప్పి, మళ్ళీ మైకు దగ్గరకొచ్చింది. ఒక స్పీకరు మూసేస్తే శబ్దం తగ్గాలి. నిండు గొంతు వచ్చి నా గుండెకి తగిలింది.



“ఉయ్యాల్ని ఇద్దరు సెరో పక్కా నిలబడి ఒక్కపాలే తోసినట్టున్నాది. అదెక్కడ కదుల్తాది?” అందామె.

మూతులు విప్పి టార్చి బ్యాటరీ తీశాను. కుడి కోను ముందుకి గెంతింది. ఎడమది వెనక్కి పీల్చుకుంది. వీర్రాజు అతికించినదే. లోపలి తీగలు తారుమారు. కుడి పెట్టె గాలిని తోస్తుంటే ఎడమ పెట్టె లాగేసుకుంటోంది. ఏ గోడ దగ్గర కూర్చున్నా దగ్గరి పెట్టె గెలుస్తుంది. సరిగ్గా నడిమిన మాత్రం రెండూ సమానంగా చచ్చిపోతాయి. హాలు మొత్తంలో ఏమీ వినపడని చోటు ఆ ఒక్కటే. అక్కడే మేము మర్యాదగా పెద్ద ఆఫీసరుని కూర్చోబెట్టాం.

రెండు తీగలు అటూ ఇటూ మార్చడానికి ఒక్క నిమిషం పట్టలేదు. కుర్చీలో కూర్చుంటే మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నట్టుంది.

“మరి మట్టి తప్పా బాబుగోరూ, తీగ తప్పా?” అని అడిగింది రాహేలమ్మ.

“రెండూ కొంచెం కొంచెం,” అన్నాను. తప్పులో కూడా బేరమాడాను.

ఆ సాయంత్రమే ఇంజనీరు గారికి రిపోర్టు రాశాను. వానల వల్ల మట్టి పూత సకాలంలో ఆరకపోవడంతో ధ్వనిలో లోపం కలిగినదనీ, ఇప్పుడు పూర్తిగా ఆరినందున సరిదిద్దబడినదనీ. ఎవరి పేరూ లేదు, ఎవరి ఉద్యోగానికీ నష్టం లేదు. ఆ వాక్యం చూసి నాకే ముచ్చటేసింది.

ఆగస్టు తనిఖీకి ఆయన వచ్చి అదే కుర్చీలో కూర్చున్నారు. సర్క్యులరు రెండు పేజీలు చదివించుకుని విన్నారు. ఇంత బాగా పలుకుతాయనుకోలేదన్నారు. తరవాత ఫైలు తీసి, చాలా విచారంగా ఉందయ్యా అన్నారు. రెండు పెట్టెలు ఆరడానికి నెల పడుతుందని నువ్వే రాశావు, ఎనిమిది హాళ్ళు దసరాకి తెరవాలి, వానల్లో పదహారు ఎప్పుడు ఆరతాయి, అందుకని నిన్ననే ప్లైవుడ్‌కి ఆర్డరు పంపించి అడ్వాన్సు కూడా కట్టేశామన్నారు.

పెట్టెలు పాసయ్యాయి. నా రిపోర్టు వాటిని చంపేసింది.

ఇంజనీరు గారు తలుపు వైపు చూసి, ఈ వానల్లో చివరికి ఎలా ఆరబెట్టావమ్మా అని రాహేలమ్మని అడిగారు.

“ఆరడం నాలుగో రోజుకే ఆరిపోనాదండి. ఆ తరవాత ఏటయినాదో ఈ బాబుగోరే సెప్పాల,” అంది. గొంతు పెంచలేదు. నా వైపు చూసింది, అంతే.

అప్పుడు చెప్పాను. నా అంతట నేను చెప్పానని గొప్పకు పోను. ఇక చెప్పక తప్పే దారి లేదు. ఎర్ర చుక్క, బ్యాటరీ, తుని, మూడు రూపాయలు. ఇంజనీరు గారు ఫైలు మూసేశారు. తరవాత అప్పారావు గారి వైపు తిరిగి, మీరు ఆ రోజు గాదె పక్కనే ఉన్నారు, మీకు వినపడి ఉండాలే అన్నారు.

“వినపడిందండి.”

“మరి వినపడలేదన్నారేం?”

“తమరే వినపడలేదన్నాక మాకెలాగ వినపడతాదండి?” అన్నారు అప్పారావు గారు, ఏమాత్రం తడుముకోకుండా.

ఎవరూ నవ్వలేదు. ఇంజనీరు గారి ముఖం నల్లబడింది. ఆ రోజు ఆయన నా మీద కంటే తన కుర్చీ మీద ఎక్కువ కోపంగా ఉన్నారని నా అభిప్రాయం. అడ్వాన్సు కట్టిన ఆర్డరు రద్దు చేసే అధికారం ఆయనకి లేదు. నాకు మెమో వచ్చింది, సంజాయిషీ రాశాను, ఇంక్రిమెంటు ఆరు నెలలు వాయిదా పడింది.

మర్నాడు ముప్పై ఆరు రూపాయలు పట్టుకుని రాహేలమ్మ ఇంటికి వెళ్ళాను. లేదు. కోటవురట్ల దారిలో ఊడుపులకి వెళ్ళిందని కోడలు చెప్పింది. కత్తి చూరులో దోపి ఉంది. సైకిలు మీద వెళ్ళి వెతికితే మోకాలి లోతు బురదలో వరసలో వంగి ఉంది. గట్టు మీదకి వచ్చి, చేతులు చీరకి తుడుచుకుని ముప్పై ఆరూ లెక్కపెట్టుకుంది.

“మూడుమార్లు గీకి మెత్తినాను. మారుకి అయిదు. పదిహేనండి,” అంది.

ఆలోచించే లోపలే నా నోరు “పన్నెండు” అనేసింది. నా నోటికి నేనే నిర్ఘాంతపోయాను. సర్దుకుని పదిహేను అనబోయేలోపు ఆమె, “అలాగే ఇచ్చీయండి. బేగి ఎల్లాల, వరస ఆగిపోనాది,” అంది. పన్నెండు ఇచ్చాను. తీసుకుని బురదలోకి దిగిపోయింది.

ఆ రెండు గాదెలు సమితులు పోయి మండలాలు వచ్చేవరకూ ఆ హాల్లో పనిచేశాయి. పూత మీద పగులు రాలేదు. ఆ తరవాత ఏ హాల్లో స్పీకర్లు అమర్చినా మూడు పనులు చేశాను. బ్యాటరీ తాకించకుండా స్పీకరు బిగించలేదు. నడిమి కుర్చీలో నేనే కూర్చుని విన్నాను. గోడల పక్క కూర్చున్నవాళ్ళని, ఆఫీసరు నోరు విప్పకముందే అడిగాను. ఆ సంగతి నాకు నేర్పింది అంతే.

ఇక లెక్క. పాత స్పీకర్లు నూటయాభై, రీకోనింగ్ ముప్పై, గాదెలు యాభై ఆరు, మామిడి చెక్కలు పద్నాలుగు, పీచు, గోనె, వేపనూనె అన్నీ కలిపి పది, మూడు మార్ల పూతకి పన్నెండు. వెరసి రెండు వందల డెబ్భై రెండు. వాయిదా పడిన ఇంక్రిమెంటు నెలకి ఎనిమిది చొప్పున నలభై ఎనిమిది, అది నా ఖాతా. పదహారు ప్లైవుడ్ పెట్టెలకి రెండు వేల ఏడు వందల ఇరవై, అది ప్రభుత్వం ఖాతా. పదహారు గాదెలకి రావలసిన నాలుగు వందల నలభై ఎనిమిది, అది రాహేలమ్మ ఖాతా, రాలేదు. జమ వైపు నేను మిగిల్చింది తునిలో వీర్రాజు దగ్గర మూడు, కోటవురట్ల గట్టు మీద మూడు. మొత్తం ఆరు రూపాయలు.